గెలిచినవాళ్ళే తుడవాలి

ప్లేనో, టెక్సస్
అక్టోబరు, 1982

హైమా,

ఇల్లు దొరికింది, మీ బావగారికి ఉద్యోగం కుదిరింది, నాకు కారు నడపడం మాత్రం ఇంకా రాలేదు. ఈ ఊళ్ళో కారు లేకపోతే కాళ్ళు లేనట్టే. పొద్దున ఆయన ఆఫీసుకు వెళ్ళారంటే నేనూ, రేణూ, నాలుగు గోడలూ. ఆఫ్రికాలో, మన వుకారీ ఊళ్ళో అయితే కంచె ఇవతల నిలబడి ఒక్క కేక వేస్తే నువ్వు పప్పు గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చేదానివి. ఇప్పుడు నీతో మాట్లాడాలంటే స్టాంపు అంటించాలి. ఫోన్ చేద్దామంటే నెలాఖరున బిల్లు చూసి ఈయన మొహం మాడ్చుకుంటారు.

రేణు సంగతి రాస్తాను, కంగారు పడకు. వుకారీలో ఉండగా జ్వరమొచ్చి కీళ్ళు వాచాయి గుర్తుందా? అది కీళ్ళను వదిలి గుండెను పట్టుకుందట. కవాటం ఒకటి సరిగ్గా మూసుకోవడం లేదన్నారు. ప్రస్తుతానికి మందులు. పరుగెత్తకూడదు, ఎగరకూడదు. పదేళ్ళ పిల్లను కుర్చీలో కూర్చోబెట్టడం ఎంత పనో నీకు తెలుసుగా.

ఇప్పుడు అది ఒకటే పోరు పెడుతోంది. మీ ఉషతో ఆ మట్టి ఆట ఆడాలట. అది న్యూజెర్సీలో, నువ్వు టెక్సస్‌లో, ఎలా ఆడతారే అంటే, "మూవ్ రాసి మెయిల్ చేస్తాం మమ్మీ, నీకు తెలీదు" అని నన్నే కసిరింది. మన పక్కింటి లాదీ నేర్పిందే, ఆ ఆట. అక్కడి జుకున్ తెగ పిల్లలంతా సాయంత్రమైతే వేపచెట్టు కింద గీతలు గీసుకుని కూర్చునేవాళ్ళు. దానికి వాళ్ళ భాషలో ఒక పేరు ఉంది, మన పిల్లలకు పలికేది, నాకు ఎన్నడూ పలకలేదు. గింజలు వరసన పెట్టడమేగా, మన దాడి ఆట లాంటిదే అనుకుంటాను. నేనెప్పుడూ దగ్గర కూర్చుని చూసిందెక్కడ? చీకటి పడుతోంది రమ్మని అరుపులు అరవడమే నా వంతు.

ఉషను అడిగి రాయి.

తోడబుట్టకపోయినా నీ అక్క,
వసుమతి

*

ప్లెయిన్స్‌బరో, న్యూజెర్సీ
నవంబరు, 1982

అక్కయ్యా,

ఉషను అడగడమా! నీ ఉత్తరం నా చేతిలోంచి లాక్కుని గదిలోకి పోయి తలుపేసుకుంది. బడి నుంచి వచ్చి నవ్వుమొహంతో తలుపేసుకోవడం ఈ దేశం వచ్చాక ఇదే మొదటిసారి. ఇక్కడి పిల్లలు దాన్ని "నువ్వు ఇండియానా, ఆఫ్రికానా, ఏదో ఒకటి చెప్పు" అని అడుగుతారట. ఇది రెండూ అంటుందట. దాంతో ఎవరూ పక్కన కూర్చోరు. రేణు తప్ప దానికి స్నేహితులు లేరక్కయ్యా, ఉన్నమాట రాస్తున్నాను.

ఆయన కొత్త చొక్కా డబ్బా అట్ట మీద గీతలు గీసింది. గీతలు కలిసే ఒక్కోచోటికి వుకారీలో ఒక్కో చోటి పేరు పెట్టింది. బావి, బడి, వేపచెట్టు, లాదీ ఇల్లు, మా ఇల్లు, మీ ఇల్లు, అలసంద గారెలమ్మే ఆవిడ అరుగు. రేణు కూడా అలాగే గీసుకోవాలట, నమూనా పంపుతున్నాను. దానికి తెల్ల బొబ్బర్లు, రేణుకు రాజ్మా గింజలు.

ఆయన పక్కన చేరి రూల్సు చెప్పించుకున్నారు. ముందు గింజలన్నీ తలొకటీ పెట్టడం, తర్వాత పక్క చోటికి జరపడం, మూడు వరసన పడితే ఆట అయిపోయినట్టే. ఇంతేనా అన్నారు ఈయన. ఇంతే కాదు నాన్నా అని పెద్ద ఆరిందాలా ఇంకోటి చెప్పింది. గెలిచినవాళ్ళే అరచేత్తో గీతలు తుడవాలి. ఆడిన గీతలు రాత్రి నేలమీద ఉండకూడదని లాదీ చెప్పిందట. అది జుకున్ పిల్లలందరి పద్ధతో, లాదీ ఒక్కదాని పద్ధతో నాకు తెలియదు. "రేణు గెలుస్తుంది, మీరు పిలిస్తే తుడవకుండా రన్ చేస్తుంది. ఎప్పుడూ నేనే తుడవాలి" అని ఇన్నాళ్ళ తర్వాత నా దగ్గర ఫిర్యాదు! నీ కూతురి మీద కేసు పెట్టినట్టే అనుకో.

ఉష మొదటి గింజ: బావి దగ్గర.

రేణును జాగ్రత్తగా చూసుకో. నువ్వూ తిను.

హైమ

*

ప్లేనో
జూన్, 1983

హైమా,

నీ కూతురు ఇప్పటికి రెండు ఆటలు ఓడింది, నా కూతురు ఒకటి. ఆ లెక్కలు నాకు పట్టవు గాని, పోస్టుమ్యాన్ వచ్చే వేళకు ఇది కిటికీ దగ్గర కూర్చోవడం చూస్తే నాకు కడుపు నిండినట్టు ఉంటుంది. అట్ట భోజనాల బల్ల మీదే ఉంటుంది. నేను బల్ల తుడుస్తూ ఒక గింజ కదిపానని ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. "డోంట్ టచ్ మమ్మీ, నీకు ఆట రాదు" అంటుంది. నాకు ఆట రాదా! మా నాయనమ్మతో అరుగు మీద దాడి ఆడి ఊళ్ళో అందరినీ ఓడించినదాన్ని!

దాని చేతిరాత కోడి కెలికినట్టు ఉంటుంది కదా, అందుకని మూవ్ చెబుతుంది, నేను రాస్తాను. ఉషకు నా రాత చూసి అనుమానం అక్కర్లేదు.

ఆపరేషన్ చేయాల్సిందేనన్నారు. వచ్చే శీతాకాలంలో. ఇన్సూరెన్స్ అప్రూవల్ రావాలి. ఈయన బయటికి ధైర్యంగానే ఉన్నారు, స్నానాల గదిలో కుళాయి తిప్పి చాలాసేపు ఉంటున్నారు. నేనేం అడగడం లేదు.

రేణు: లాదీ ఇంటి నుంచి వేపచెట్టుకు.

వసుమతి

*

ప్లెయిన్స్‌బరో
జనవరి, 1984

అక్కయ్యా,

ఆపరేషన్ బాగా జరిగిందని బావగారు ఫోన్‌లో చెప్పగానే ఈయన వెళ్ళి జిలేబీ తెచ్చారు. ఎడిసన్ దాకా మంచులో డ్రైవ్ చేసి! ఇద్దరం తిన్నాం, ఉష తినలేదు. రేణు ఇంటికొచ్చాక తింటుందట, రెండు ఫ్రిజ్‌లో దాచింది. అవి రాళ్ళయిపోతాయే అంటే వినదు.

నడుస్తున్న ఆటలో దాని ఎత్తు ఇది: బడి నుంచి గారెలావిడ అరుగుకు. హాస్పిటల్‌లో ఉన్నా ఆడొచ్చు, బుర్రకేం ఆపరేషన్ కాలేదుగా అని రాయమంటోంది. క్షమించు, నోరు నా నుంచే వచ్చింది.

హైమ

*

ప్లేనో
ఫిబ్రవరి, 1984

హైమా,

రేణు పోయింది.

ఇంటికి తీసుకొచ్చాక జ్వరం వచ్చింది. మళ్ళీ చేర్చాం. రక్తంలోకి పాకిందన్నారు. ఎవరి తప్పూ లేదన్నారు. శనివారం నాడు నన్ను "ఉష మూవ్ వచ్చిందా" అని అడిగింది. రాలేదన్నాను. వచ్చింది, నా బ్యాగ్‌లోనే ఉంది. పడుకోనీ, పొద్దున ఇద్దామనుకున్నాను.

వసుమతి

*

ప్లెయిన్స్‌బరో
మార్చి, 1984

అక్కయ్యా,

మీ దగ్గర నుంచి వచ్చి వారమైంది. అక్కడ నీ పక్కన కూర్చున్నాను గాని ఒక్క మాటా రాలేదు నాకు. వాగుడుకాయ హైమ నోరు పడిపోయిందని నువ్వు అనుకొని ఉంటావు. ఏం అనుకునే స్థితిలో ఉన్నావులే.

ఉషను ఇక్కడ మా పక్కింటి నళినిగారింట్లో వదిలి వచ్చాం కదా. రేణుకు బాగాలేదు, చూడటానికి వెళ్తున్నామని చెప్పాం. తిరిగి వచ్చాక నిజం చెప్పాలని కూర్చోబెట్టాను. అది నా మొహంలోకి చూసి, "రేణు మూవ్ చెప్పిందా అమ్మా" అంది. ఈయన అందుకుని, ఇంకా నీరసంగా ఉంది, తర్వాత పంపుతుందన్నారు. మన పెద్దవాళ్ళు చేసేదే చేశాం. మా ఇంట్లో తాతయ్య పోతే కాశీ వెళ్ళాడన్నారు నాకు. ఎనిమిదేళ్ళు వచ్చేదాకా కాశీ నుంచి ఉత్తరం వస్తుందని చూశాను.

రేపో మాపో చెబుతాను. ఈలోగా అది పాత ఎత్తే మళ్ళీ ఒక ఉత్తరంలో రాసి, నేను చూడకముందే డబ్బాలో వేసేసింది. రేణు పేరుతోనే వస్తుంది. నీ కంట పడకుండా బావగారితో దాన్ని తీసేయమని చెప్పాలనే ఈ పరుగు. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తడం లేదు.

హైమ

*

ప్లేనో
ఏప్రిల్, 1984

హైమా,

నీ ఉత్తరం కంటే ఉష ఉత్తరమే ముందు వచ్చింది. ఆయన ఇంట్లో లేరు. కవరు మీద "మిస్ రేణు" అని, కింద పువ్వు బొమ్మ. రెండు నెలల్లో ఈ ఇంటికి రేణు పేరుతో వచ్చినవి హాస్పిటల్ బిల్లులే. అవి కాక ఇది.

విప్పాను. బల్ల మీద అట్ట అలాగే ఉంది. ఎవరం ముట్టుకోలేదు. ఉష చెప్పిన చోటికి తెల్ల గింజ జరిపాను. తర్వాత రాజ్మా గింజ ఒకటి తీసి జరిపాను. ఆ పూట అన్నం తిన్నానే. ఎన్నాళ్ళ తర్వాతో ఆకలేసింది.

నిన్ను ఒకటి అడుగుతాను, కాదనకు. ఉషకు చెప్పకు. అప్పుడే చెప్పకు. ఆ పిల్ల ఉత్తరాలు రానీ. నేను ఆడతాను. రేణు పేరు మీద ఇంటికి ఒక్క కాగితం వస్తే చాలు నాకు. ఇది పిచ్చి అని నాకూ తెలుసు.

రేణు: బావి నుంచి బడికి.

వసుమతి

*

ప్లెయిన్స్‌బరో
మే, 1984

అక్కయ్యా,

సరే.

ఈయన వద్దన్నారు. "హైమా, వాళ్ళ బాధ తగ్గించడానికి మన పిల్లను అబద్ధంలో పెంచుతావా" అన్నారు. నేను కోప్పడ్డాను. మీకు తెలియదు, మీరు తల్లి కారు అన్నాను. ఆయన బయటకు వెళ్ళిపోయారు. తండ్రి కాడా ఏం, నోటికొచ్చింది అన్నాను.

నిన్నటి మూవ్ చూసి ఉష గంతులు వేసింది. అది గంతులు వేస్తుంటే నేను వంటింట్లోకి పోయాను. నువ్వు తింటున్నావని చదివాను, అందుకే సరే అంటున్నాను. ఇంకేమీ రాయలేను ఇవాళ.

హైమ

*

ప్లేనో
సెప్టెంబరు, 1984

హైమా,

జూలైలో జరిగిన సంగతి నీకు రాయలేదు. నా రాజ్మాలు మూడు వరసన పడ్డాయే! వేపచెట్టు, బావి, మా ఇల్లు. "దాడి!" అని గట్టిగా అరిచాను. ఈయన గడ్డం గీసుకుంటూ సబ్బు నురగతోనే పరుగెత్తుకొచ్చారు. నేను నవ్వుతున్నాను. ఆయన నన్ను చూసి నవ్వలేదు, అలాగే నిలబడిపోయారు. మూడు పడ్డాయి కాబట్టి ఉష గింజ ఒకటి తీసేసుకున్నాను. "నీ బడి గింజ నాది" అని రాశాను. బంగారుతల్లి, "ఓకే, టేక్ ఇట్" అని జవాబు రాసింది. ఓడిపోతున్నా ఉక్రోషం లేదు. మా నాయనమ్మ గింజ తీస్తే నేను అరుగంతా పొర్లి ఏడ్చేదాన్ని.

ఆ తర్వాత ఇంకా తీశాను. రేణు గెలుస్తోందే హైమా.

ఈయన మానేయమంటున్నారు. డాక్టర్‌తో మాట్లాడమంటున్నారు. నాకు పిచ్చేం పట్టలేదు. పొద్దున లేవడానికి ఒక పని ఉంది, అంతే.

ఒకటి చెప్పాలి. ఉష ఈమధ్య ప్రతి ఉత్తరంలోనూ "మీ అమ్మ ఎలా ఉంది, తింటోందా" అని రేణును అడుగుతోంది. మునుపు బడి కబుర్లు, టీచర్ల మీద చాడీలు, పేజీలు పేజీలు రాసేది. ఇప్పుడు మూవ్, దాని కింద ఆ ఒక్క మాట. ఎంత మర్యాద నేర్పావే దానికి!

వసుమతి

*

ప్లెయిన్స్‌బరో
నవంబరు, 1984

అక్కయ్యా,

ఈ ఉత్తరం చదివి నువ్వు నాతో మాట్లాడటం మానేస్తే మానేయి. రాయక తప్పదు.

నిన్న ఉష అట్ట ముందు కూర్చుని ఎంతకీ లేవలేదు. అన్నానికి రమ్మంటే రాదు. పక్కన కూర్చున్నాను. నాకేసి చూడకుండానే అడిగింది.

"అమ్మా, నా బీన్స్ అయిపోతున్నాయి. ఆంటీకి ఇంకొక్క మూవ్ ఉంది. తర్వాత ఆంటీ ఏం చేస్తుంది?"

"ఏ ఆంటీయే?" అన్నాను.

"వసుమతి ఆంటీ. రేణు కాదుగా ఆడేది."

ఎప్పట్నుంచి తెలుసని అడిగాను.

"సమ్మర్ నుంచి. రేణుకి మూడు వచ్చాయి కదా, అప్పుడు నా బీన్ తీసుకుంది. మా గేమ్‌లో తీసుకోరు అమ్మా. నో వన్ టేక్స్. మూడు వస్తే అయిపోయింది, తుడిచేయాలి. రేణు అట్లా ఎప్పుడూ చేయదు. అప్పుడు తెలిసింది."

"మరి చెప్పలేదేమే?"

"చెప్తే ఆంటీ ఆపేస్తుంది కదా."

అక్కయ్యా, జూలైలోనే ఆట అయిపోయింది. నువ్వు దాడి ఆడావు, వాళ్ళది దాడి కాదు. వాళ్ళలో ఎవరి గింజా ఎవరూ తీసుకోరు. అది తెలిసి కూడా నా కూతురు తన గింజలు ఒక్కొక్కటే నీకు ఇచ్చుకుంటూ వచ్చింది. నువ్వు తింటున్నావా లేదా అని ప్రతిసారీ అడిగి, జవాబు చూసుకుని, ఇంకొకటి ఇచ్చింది.

నాకు నీమీద కోపం లేదు. ఉంది. నామీద ఇంకా ఎక్కువ ఉంది. అది ఇన్నాళ్ళూ ఒక్కతే ఏడ్చింది. రాత్రిళ్ళు దుప్పట్లో ఏడ్చేదట. రేణు బతికే ఉందని మేం నటిస్తున్నాం కాబట్టి మా ముందు ఏడవడానికి వీల్లేకపోయింది దానికి. గోడకు ఇవతల నేను గురక పెట్టి నిద్రపోయాను. నిన్న నా ఒళ్ళో పడి ఏడ్చింది, పన్నెండేళ్ళ పిల్ల, చంటిదానిలా. ఫ్రిజ్ అడుగున జిలేబీలు ఇంకా ఉన్నాయట. నేను చూడనే లేదు.

ఇంక మూవ్ పంపనివ్వను. నన్ను క్షమించు.

హైమ

*

ప్లేనో
డిసెంబరు, 1984

హైమా,

నీ ఉత్తరం వచ్చిన రోజు ఆయనకు చదివి వినిపించాను. రేణు పోయాక ఇద్దరం ఒకచోట కూర్చుని ఏడవడం అదే మొదలు. ఆయన కుళాయి తిప్పుకోలేదు.

నువ్వు కోప్పడాల్సిందే. నేనేం సమాధానం చెప్పను. నా బిడ్డ కోసం నీ బిడ్డ నోరు కట్టేశాను. ఆ పిల్ల కాళ్ళు కళ్ళకు అద్దుకోవాలని ఉంది.

అట్ట ముందు కూర్చుని గింజలన్నీ వెనక్కి జరిపాను. జూలై నాటికి ఎలా ఉన్నాయో అలా. వేపచెట్టు, బావి, మా ఇల్లు. నిజమే, రేణు అప్పుడే గెలిచింది. ఆ తర్వాత ఎన్ని రాత్రులు ఈ గీతలు ఇలాగే ఉంచానో! లాదీ చూస్తే తిట్టేది. తుడుద్దామని చేయి పెట్టాను. గెలిచినవాళ్ళే తుడవాలని నువ్వు రాసింది గుర్తొచ్చింది. గెలిచింది నేను కాదు కదే. అది గెలిచి, తుడవకుండా వెళ్ళిపోయింది. ఎప్పటిలాగే.

సెలవులకు ఉషను పంపుతావా? టికెట్ ఆయన బుక్ చేస్తారు. నువ్వూ రా. రానంటే కూడా నేనేం అనను.

వసుమతి

*

ప్లేనో
జనవరి, 1985

హైమా,

ఉషను ఆయన ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్ళారు. ఈ ఉత్తరం దాని వెనకే వస్తుంది. ఈసారి నువ్వు రాకపోవడమే మంచిదైందేమో, తెలియదు. మీ ఆయనకు సెలవు దొరకలేదని రాశావు. సరేలే.

వచ్చిన రోజు అది రేణు గదిలోకి వెళ్ళలేదు. నా వెనకాలే వంటింట్లో తిరిగింది. ఉల్లిపాయలు తరిగింది. నేను రెండోసారి అన్నం పెట్టుకునేదాకా కంచం ముందు నుంచి లేవలేదు. మర్నాడు పొద్దున తనే అట్ట తీసుకుని పెరట్లోకి నడిచింది. బట్టల తీగ కింద గడ్డి చచ్చిన జాగా ఒకటి ఉంది, అక్కడ మట్టి. చీపురుపుల్లతో గీతలు గీసింది. మా ఇద్దరినీ కూర్చోమంది. ఆయన ఆఫీసు ప్యాంటుతోనే మట్టిలో కూర్చున్నారు. అట్ట మీది గింజలు ఒక్కొక్కటే తీసి గీతల మీద పెట్టింది. పెడుతూ పేర్లు చెప్పింది. ఆ ఆట పేరు కూడా చెప్పింది, జుకున్ మాటలో. నన్ను అనమంది. నాలుగుసార్లు అన్నాను, రాలేదు. ఐదోసారి నవ్వింది.

వుకారీలో అన్నేళ్ళు పిల్లలు నా గుమ్మం ముందే ఆడారు. ఒక్కరోజు వాళ్ళ పక్కన అలా మట్టిలో కూర్చుని ఉంటే నాకు ఆట వచ్చేది. నాకు ఆట రాదని రేణు ఊరికే అనలేదు.

అన్నీ పెట్టాక ఉష నాకేసి చూసింది. నేను తల ఊపాను. అరచేయి మట్టిలో పెట్టి ఒక్క తుడుపు తుడిచింది. గీతలు పోయాయి. గింజలు పక్కకు దొర్లాయి.

చేయి దులుపుకుంటూ, పాత అలవాటు కొద్దీ, మా వైపు చూడకుండా పక్కనున్న ఖాళీ చోటు వైపు చూసి, "ఎప్పుడూ నేనే తుడవాలి" అంది.

అని, తన మాట తానే విని, నోటికి మట్టిచేయి అడ్డం పెట్టుకుంది. నేను దాన్ని దగ్గరకు లాక్కున్నాను. ఆయన దొర్లిపోయిన గింజలు ఏరారు.

రాజ్మా గింజలు ఉషకు ఇచ్చాను. తెల్లవి నా దగ్గర ఉంచమని ఇచ్చింది. దాని కోటు జేబుకు ఇంకా మట్టి ఉంది, తిట్టకు.

వసుమతి